కారు ఇంజనుకు పైమెరుగు: రంగు వేయక ముందు, వేసిన తరువాత

రాయవేలూరు, గుడియాత్తం ప్రాంతాలలో పాత కారు కొనబోయేవారు బానెటు ఎత్తగానే ముందుగా చూసేది ఇంజను మెరుపునే. తళతళలాడుతూ ఉంటే బండిని బాగా చూసుకున్నారనీ, నూనె మరకలతో నల్లబడి ఉంటే పాడుపెట్టారనీ అనుకోవడం పరిపాటి. ఈ రెండు అభిప్రాయాలూ అన్నివేళలా నిజం కావు. ఇంజను పైభాగాన్ని కడిగి, తుప్పు గీకి, రంగు వేసి, అల్యూమినియం, ఇత్తడి భాగాలకు మెరుగు పెట్టే ఈ పని అరిగిన పిస్టను రింగులను బాగుచేయదు, తాగుతున్న నూనెను ఆపదు. అయినా పద్ధతి ప్రకారం చేస్తే దీని వలన గట్టి ప్రయోజనమే ఉంది. శుభ్రమైన ఇంజనుపై కొత్తగా కారిన నూనె చుక్క ఆ రోజే కంటబడుతుంది. చిట్లిన హోసు గొట్టం, ఎలుక కొరికిన తీగ దాగవు. పద్ధతి తప్పితే మాత్రం అదే పని లోపాలను కప్పే ముసుగు అవుతుంది; ఒక్కొక్కప్పుడు బండి కాగితాలకే ఎసరు పెడుతుంది.

ఇటు పేర్ణాంబట్టు, గుడియాత్తం, కాట్పాడి, అటు వి.కోట, పలమనేరు, గుడిపాల, చిత్తూరు. ఈ ఊళ్ళ మధ్య బండ్లు చేతులు మారడం కొత్త కాదు. ఒక రాష్ట్రంలో నమోదైన బండి మరో రాష్ట్రపు పల్లెకు చేరుతుంది కనుక ఇంజను పైమెరుగు గురించి సరిహద్దు కుటుంబాలు మరికొంత ఎక్కువగా తెలుసుకోవలసి ఉంది.

ఏ బండిలో ఏ లోహం

రంగు డబ్బా కొనక ముందే ఇంజను ఏ లోహంతో చేసినదో తెలుసుకోవాలి. అంబాసిడరులోని పాత 1489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటనుకు చెందిన బీఎంసీ సంస్థ రూపకల్పన. దాని బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. ప్రీమియర్ పద్మినిలోని 1089 సీసీ ఇంజను ఫియట్ వారిది. బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. మారుతి 800లో కూడా హెడ్డు అల్యూమినియమే. మారుతి 800, అంబాసిడరు రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. విడిభాగాలకు చెన్నై పుదుపేట దాకా పోవలసి వచ్చే ఈ రోజులలో ఉన్న భాగాన్ని పాడుచేసుకోకుండా శుభ్రపరచడమే తెలివైన పని.

ఇనుము తుప్పు పట్టుతుంది, రంగును బాగా పట్టుకుంటుంది. అల్యూమినియం తుప్పు పట్టదు గాని తెల్లని పొడి పూస్తుంది. మామూలు రంగు దానిపై పొరలుగా ఊడిపోతుంది. ఇనుముకు వాడిన మందు అల్యూమినియానికి విషం కావచ్చు. ముఖ్యంగా కాస్టిక్ సోడా. ఇనుప బ్లాకు మీది జిడ్డును అది చక్కగా కోస్తుంది. అదే అల్యూమినియం హెడ్డుపై పడితే లోహాన్నే తినివేసి, నల్లబరచి, మండే స్వభావం గల హైడ్రోజను వాయువును వెలువరిస్తుంది. బచ్చలి గది కడిగే ఆసిడ్‌ను వాడేవారు కూడా ఉన్నారు. అది తుప్పును క్షణంలో తీస్తుంది, కడిగిన మరుసటి పూటకే అంతకు మించిన తుప్పును తెస్తుంది. ఈ రెండింటినీ ఇంజను దరికి రానీయకుండుటే మేలు.

కడగక ముందే చూడవలసినవి

మెరుగు పనిలో అందరూ తప్పించుకునే దశ ఇదే. మురికి ఇంజను ఒక సాక్ష్యపత్రం వంటిది. కడిగిన వెంటనే ఆ సాక్ష్యం పోతుంది. కనుక ముందుగా పగటి వెలుతురులో నాలుగు వైపుల నుండి ఫొటోలు తీసుకోవాలి. తడిగా ఉన్న చోటు కంటే దానికి పైన ఏముందో చూడాలి, ఎందుకంటే నూనె ఎప్పుడూ కిందికే జారుతుంది. బ్లాకు పక్కంతా నల్లగా తడిసి ఉంటే చాలాసార్లు మూలం ట్యాపెట్ కవరు కింది గాస్కెటే. ముందు పుల్లీ వెనుక తడి ఉంటే ఆయిలు సీలును అనుమానించాలి. నీళ్ళ పంపు వద్ద, హోసు గొట్టాల కొసలలో ఆకుపచ్చ లేదా తెల్లని ఉప్పు పేరినట్టు కనబడితే రేడియేటరు నీరు ఊరుతున్నట్టే.

కారుడు ఎక్కడిదో తెలిశాక దానిని బాగుచేయించి, ఒకసారి కడిగి, ఏబది కిలోమీటర్లు నడిపి మళ్ళీ చూడాలి. పొడిగా ఉంటేనే రంగు మాట. నూనె ఊరే చోట ఎంత ఖరీదైన రంగు వేసినా నెల తిరగక ముందే బుడగలు లేచి ఊడిపోతుంది. ఆ డబ్బు కారులో పోసిన పెట్రోలైనా అయి ఉంటే నాలుగూళ్ళు తిరిగి రావచ్చు.

వేరుశెనగ కొట్టాల పక్కన బండి నిలిపేవారు ఎలుకల సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. ఎయిర్ ఫిల్టరు డబ్బాలోనూ, బ్యాటరీ పళ్ళెం కిందనూ గడ్డి, పీచు పేర్చి గూడు కడతాయి. తీగలకు చుట్టిన టేపును ఒకచోట విప్పి లోపలి రాగి బయటపడిందేమో చూడడం పది నిమిషాల పని.

కడుగుట

ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి ఇనుముపై చన్నీళ్ళు చల్లితే పగుళ్ళు రావచ్చు, ఎగ్జాస్టు మానిఫోల్డు మరీ సున్నితం. బ్యాటరీ మైనస్ తీగ విప్పి పక్కన పెట్టాలి. డిస్ట్రిబ్యూటరు, కాయిలు, ఆల్టర్నేటరు, కార్బురేటరు నోరు, కొత్త బండ్లలో అయితే కంప్యూటరు డబ్బా, సెన్సార్ల ప్లగ్గులు, వీటన్నిటికీ ప్లాస్టిక్ సంచి కట్టి తాడుతో బిగించాలి. ప్లగ్గులు విప్పకూడదు, విప్పితే మురికి సిలిండరులోకి జారుతుంది.

మన షెడ్లలో డీజిలు, కిరసనాయిలు కుంచెతో పూసి జిడ్డు నానబెట్టడం పాత పద్ధతి. జిడ్డు వదులుతుంది, నిజమే. కాని రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, మంట భయం వెంటనే ఉంటుంది. నీటిలో కలిసే డీగ్రీజరు ఇప్పుడు స్పేర్ పార్ట్స్ దుకాణాలలో దొరుకుతున్నది, దానినే వాడుట మంచిది. కుంచెతో రాసి పదినిమిషాలు నాననిచ్చి, ఆరక ముందే సన్నని నీటిధారతో కడగాలి. సర్వీసు స్టేషను పీడనపు గొట్టాన్ని దగ్గరగా పెట్టి కొట్టించడం పాత బండికి కూడా మంచిది కాదు, కొత్త బండికి అసలే కాదు. తుడవడానికి గుడియాత్తం మగ్గాల ఊరు కనుక నూలు వేస్టుకు కరువు లేదు. అయితే దాని పోగులు బోల్టులకు, క్లిప్పులకు చిక్కుకోకుండా ఏరివేయాలి.

ఒక పండుగ మాట ఇక్కడ చెప్పక తప్పదు. ఆయుధపూజకు ముందురోజు ఇంజనును డీజిలుతో తోమి, మరునాడు బానెటు తెరిచి పసుపు కుంకుమలు పెట్టి కర్పూర హారతి ఇచ్చే ఇళ్ళు చాలా ఉన్నాయి. డీజిలు ఆరనిచోట హారతి పళ్ళెం ఇంజను మీదుగా తిప్పడం ప్రమాదకరం. బండి ఎదుట, దూరంగా ఇచ్చినా దేవుడు అందుకుంటాడు.

కడిగిన నీరు ఎక్కడికి

ఈ విషయం ఇంజనుకు సంబంధించినది కాదనిపించవచ్చు. పలమనేరు వైపు అడవుల నుండి వచ్చే కౌండిన్య నది మోర్దానా జలాశయం దాటి గుడియాత్తం ఊరి నడుమగా పోయి పాలారులో కలుస్తుంది. వీధి కాలువలో పోసిన డీజిలు, ఇంజను నూనె, గీకిన రంగు పొడి చేరేది అక్కడికే. పాలారు పక్కన ఉన్న ఊళ్ళకు రసాయనపు నీటి బాధ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోలు పరిశ్రమల కాలుష్యంపై వేలూరు పౌరుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పు, పాడుచేసినవాడే పరిహారం చెల్లించాలన్న సూత్రాన్ని మన దేశ న్యాయంలో స్థిరపరచింది. అంత పెద్ద పరిశ్రమల ముందు ఒక కారు కడిగిన నీరు ఎంత అనవచ్చు. కాని ఆ నీరు పోయేది మన బావి పక్కనే.

చేయవలసినది సులభమే. బండి కింద రేకు పళ్ళెం గాని, పాత టార్పాలిను గాని పరచి మొదటి జిడ్డును నూలు వేస్టుతోనే తీసివేయాలి. చెరువు గట్టున, బోరుబావి వద్ద కడగరాదు. వాడిన ఇంజను నూనెను డబ్బాలో పట్టి పాత నూనె కొనేవారికి ఇవ్వవచ్చు.

తుప్పు, పాత రంగు

ఇనుప భాగాలపై తుప్పును ముందు తీగ బ్రష్షుతో, తరువాత 80, 120 నంబరు ఉప్పు కాగితాలతో తీసి, చివర 400 నంబరుతో నునుపు చేయాలి. సందులలో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం గల రస్ట్ కన్వర్టరు పూస్తే అది తుప్పును నల్లని గట్టి పొరగా మారుస్తుంది. ఆరిన పిదప థిన్నరు తడిపిన గుడ్డతో తుడవాలి, ఆపైన చేతితో తాకరాదు. వేలి జిడ్డు చాలు, రంగు అక్కడ పట్టదు.

పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది. పాత బండ్ల ఎగ్జాస్టు గాస్కెట్లలో, చుట్టుడు పట్టీలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరుతుంది. నీరు చిలకరించి తడిపి గీకుట, మంచి మాస్కు వేసుకొనుట, పిల్లలను ఆ దాపులకు రానీయకుండుట అవసరం. ముఖానికి తువ్వాలు చుట్టుకోవడం మాస్కు కాదు.

రంగు వేయుట

ఇంజనులో ప్రతి భాగం ఒకే వేడిలో ఉండదు. నీటితో చల్లబడే బ్లాకు, హెడ్డు సాధారణంగా నూరు డిగ్రీల సెల్సియస్ అటూఇటుగా వేడెక్కుతాయి. వాటికి ఇంజను కోసమని అమ్మే వేడి తట్టుకొనే ఎనామెల్ సరిపోతుంది. ఎగ్జాస్టు మానిఫోల్డు సంగతి వేరు. బరువుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు అది 400 నుండి 600 డిగ్రీల దాకా పోతుంది. పేర్ణాంబట్టు నుండి వి.కోటకు ఘాటు ఎక్కిన ఏ బండి మానిఫోల్డుపైనా మామూలు రంగు నిలవదు. దానికి 600 డిగ్రీలు తట్టుకొనే సిలికోను అల్యూమినియం రంగు మాత్రమే వేయాలి, ప్రైమరు లేకుండా, శుభ్రమైన ఇనుముపై నేరుగా. తలుపులకు, గ్రిల్లులకు వేసే సింథటిక్ ఎనామెలును ఇంజనుకు వేస్తే కొన్ని వారాలలో పసుపుబారి, వాసన వేసి, పెచ్చులూడుతుంది.

అసలు రంగు ఏదో తెలియాలంటే ఎండ, నూనె సోకని చోటు చూడాలి. ఆల్టర్నేటరు బ్రాకెట్టు విప్పితే దాని వెనుక కొత్తనాటి రంగు తరచుగా మిగిలి ఉంటుంది. ఎర్రరంగు ట్యాపెట్ కవరు, నీలిరంగు గొట్టాలు చూడడానికి వేడుకగా ఉంటాయి గాని, ఎవరి అభిరుచి ఎలా ఉన్నా, కంపెనీ వేసిన రంగు వేసిన బండికి కొనేవారి వద్ద ఒక మర్యాద ఉంటుంది. పాత కార్లను దగ్గరగా చూడాలనుకొనేవారికి కోయంబత్తూరులోని జీడీ కారు మ్యూజియం ఉంది. కోయంబత్తూరు తెలుగువారిలో పేరుగాంచిన జీ.డీ. నాయుడు (1893–1974) కుటుంబపు ధర్మసంస్థ నిర్వహణలోనిది అది.

రంగు వేయక ముందు కప్పవలసినవి ఉన్నాయి: బెల్టు తిరిగే పుల్లీ గాడి, ప్లగ్గులు, సెన్సార్లు, రబ్బరు గొట్టాలు, గాస్కెట్ కూర్చునే చదును తలాలు, ఎర్తు తీగ బిగించే చోటు. ఎర్తు చోట రంగు పడితే సెల్ఫ్ తిరగక, దీపాలు మిణుకుమిణుకుమంటూ, కారణం తెలియక బ్యాటరీ మార్చేవారున్నారు. ఇంజను నంబరును కప్పడం వీటన్నిటికంటే ముఖ్యం. దాని కథ కింద వేరుగా ఉంది.

పలుచని పొరలు రెండు లేదా మూడు చాలు, పొరకూ పొరకూ నడుమ పావుగంట విరామంతో. మందపు పొర వేడిని బయటకు పోనీయదు, త్వరగా పగులుతుంది. ఇంజనుకు అర లీటరు రంగు సరిపోతుంది. రేడియేటరుకు కుంచె తగలనే కూడదు. స్ప్రేతో దుమ్ము చల్లినంత పలుచగా నల్లరంగు కొట్టవచ్చు, అంతకు మించితే సన్నని రెక్కల మధ్య గాలి ఆడక ఇంజను కాగిపోతుంది. పాత రేడియేటరు ఇత్తడి తొట్టికి రంగే అక్కరలేదు, బిందెను తోమినట్టు చింతపండుతో తోమి బాగా కడిగితే చాలు.

కాలం కూడా చూసుకోవాలి. రోహిణి కార్తె ఎండలో ఇనుము చేయి పెట్టలేనంతగా కాలుతుంది, రంగు పరచుకోక ముందే ఆరి గరుకుగా నిలుస్తుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ముసురు తేమలో పైపూత తెల్లబారుతుంది. జనవరి, ఫిబ్రవరి మాసాల ఉదయపు నీడ ఈ సీమలో ఈ పనికి అనువైనది. రంగు వేశాక ఒక రోజంతా ఆరనివ్వాలి. తరువాత ఇంజనును పదినిమిషాలు నడిపి చల్లార్చి, మళ్ళీ ఇరవై నిమిషాలు నడిపి చల్లార్చిన పిదపనే రోడ్డెక్కించాలి. మొదటిసారి కొద్దిగా పొగ, వాసన రావడం సహజం. కనుక ఆరుబయటనే నడపాలి, మూసిన షెడ్డులో కాదు.

చిన్న భాగాలు, క్రోము

కార్బురేటరు, ఆల్టర్నేటరు డొక్కు వంటి అల్యూమినియం భాగాలను మెత్తని ఇత్తడి బ్రష్షుతో తోమితే చాలు. బ్యాటరీ టెర్మినళ్ళ మీది తెల్లని పూతను వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరాక వాజలైను రాయాలి. రబ్బరు గొట్టాలకు రంగు వేయరాదు. పగుళ్ళను అది కప్పుతుంది. ట్యాపెట్ కవరును విప్పి పౌడరు కోటింగుకు ఇవ్వవచ్చు, ఆ కొలిమి 180 నుండి 200 డిగ్రీల వేడిది కనుక రబ్బరు, కార్కు భాగాలన్నీ ముందే తీసివేయాలి.

బోల్టులకు జింకు పూత నయం. క్రోము పూత గురించి మాత్రం ఒకసారి ఆలోచించమని మనవి. ఆ తొట్టెలలో వాడే ఆరవ సంయోజకత గల క్రోమియం క్యాన్సరు కారకం. రాణిపేటలో 1995 ప్రాంతంలో మూతబడిన క్రోమేటు కర్మాగారం వదలిన లక్ష టన్నులకు పైబడిన వ్యర్థం భూగర్భజలాన్ని ఎలా చెరచిందో ఈ జిల్లావారు ఎరుగుదురు. అనుమతి, శుద్ధి ఏర్పాటు ఉన్న ప్లేటింగు శాలకు ఇస్తే అది వేరు. పెరటిలో తొట్టె పెట్టి చవకగా చేసేవారికి ఇవ్వరాదు.

ఇంజను నంబరు

బ్లాకు పక్కన చదునుగా చెక్కిన చిన్న జాగాలో ఇంజను నంబరు పొడిచి ఉంటుంది. ఆ జాగాపై టేపు అంటించి రంగు వేసి, పిదప టేపు తీసి, అక్కడ పలుచగా గ్రీజు రాయాలి. ఇప్పటికే రంగు కింద కప్పబడి ఉంటే పెయింటు రిమూవరు జెల్లు పూసి మెత్తని బ్రష్షుతో తీయాలి. గ్రైండరు, ఎమిరీ పేపరు తగిలించరాదు. ఒక్క అంకె చెరిగినా అది దొంగబండి గుర్తుగా కనబడుతుంది. కాదని నిరూపించే భారం బండి ఉన్నవారి మీద పడుతుంది.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఒక రాష్ట్రపు బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నమోదు సంఖ్య తీసుకోవాలి. అందుకు మొదటి కార్యాలయపు నిరభ్యంతర పత్రం కావాలి. అది 28వ నంబరు ఫారం. యాజమాన్య మార్పుకు 29, 30 నంబరు ఫారాలు. పదునైదేళ్ళు నిండిన కారుకు నమోదును అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఇటువంటి సందర్భాలలో తనిఖీ అధికారి ఆర్‌సీ పుస్తకంలోని అంకెలను బండిపై ఉన్న అంకెలతో సరిచూస్తాడు. మెరుపు ఆయనకు పట్టదు, అంకె చదవగలిగితే చాలు. ఇంజనునే మార్చి ఉంటే ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. కొనేవారు డబ్బు ఇవ్వక ముందే నంబరును తామే చదివి ఆర్‌సీతో పోల్చుకోవడం మేలు.

కొనేవారి కంటికి

2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోనూ చెన్నైలో వేల కార్లు నీట మునిగాయి. 2021 నవంబరులో కౌండిన్య పొంగి గుడియాత్తంలోనూ వరద వచ్చింది. మునిగిన బండిని కడిగి, ఇంజనుకు రంగు వేస్తే పైకి ఏమీ తెలియదు. రంగు చేరని చోట్లను చూడాలి: ఫ్యూజు డబ్బా లోపల ఒండ్రు, ఆల్టర్నేటరు సందులలో ఎండిన మట్టి, సీటు కింది బోల్టులపై తుప్పు, హెడ్‌లైటు అద్దంలో నీటి గీత. ఆయిలు కొలత పుల్ల తీసి చూస్తే నూనె పాలటీలా ఉంటే నీరు కలిసిందని అర్థం. బోల్టుల మీద, గొట్టాల మీద, తీగల మీద కూడా ఒకే రంగు పడి ఉంటే అది మెరుగు పని కాదు, తొందరలో చల్లిన కప్పు. అమ్మేవారు నిన్ననే ఇంజను కడిగించామంటే, నాలుగు రోజులు నడిపి మళ్ళీ చూపమని అడగడంలో తప్పు లేదు.